కౌన్సెలింగ్ గది బయట: ప్రకృతి ఆధారిత చికిత్స దళిత విద్యార్థికి ఏ మేరకు పనికొస్తుంది?

క్యాంపస్‌లో ఒక విద్యార్థి చనిపోయిన ప్రతిసారీ యాజమాన్యాలు రెండు పనులు చేస్తాయి. ఒక విచారణ కమిటీ వేస్తాయి. ఒక కౌన్సెలర్‌ను నియమిస్తున్నట్టు సర్క్యులర్ ఇస్తాయి. కమిటీ నివేదిక ఏమైందో తర్వాత ఎవరికీ తెలియదు. కౌన్సెలింగ్ గది మాత్రం మిగులుతుంది. పరిపాలనా భవనంలో ఓ మూల, తలుపు మీద బోర్డు, లోపల ఒక బల్ల, బల్లకు అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను పెట్టుకోవాలని అందులో చెప్పింది. ఎస్సీ, ఎస్టీ తదితర అణగారిన వర్గాల విద్యార్థులతో ఎలా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది. కాబట్టి ఇలాంటి గదులు ఇక పెరుగుతాయి. మంచిదే. ఆ గదిలోకి మన పిల్లలు వెళ్తున్నారా, ఒకసారి వెళ్లినవాళ్లు రెండోసారి వెళ్తున్నారా అన్నది వేరే ప్రశ్న.

పరిశోధన పనిలో భాగంగా మేము కొన్నేళ్లుగా హాస్టళ్లలో ఉండే దళిత విద్యార్థులతో మాట్లాడుతున్నాం. మేమూ అలాంటి హాస్టళ్లలో చదివి వచ్చినవాళ్లమే. కౌన్సెలింగ్ గది సంగతి ఎత్తితే చాలామంది మొదట చెప్పేది చికిత్స గురించి కాదు, ఆ బల్ల గురించి. బల్లకు అవతల కూర్చున్న మనిషితో మాట్లాడటం మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన పనే. కుల ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దారు ఆఫీసులో, స్కాలర్‌షిప్ పడలేదని సెక్షన్ గుమాస్తా దగ్గర, ఫెలోషిప్ ఆగిపోయిందని అకౌంట్స్ కౌంటర్‌లో, ఆఖరికి వైవాలో. ప్రతిచోటా అవతలివాళ్లు అడుగుతారు, మనం రుజువు చేసుకోవాలి. కౌన్సెలింగ్ గదిలో కుర్చీలు అదే తీరున వేస్తే ఒళ్లు కూడా అదే తీరున బిగుసుకుంటుంది. పైగా రిజిస్టర్‌లో పేరు, విభాగం రాయాలి. ఇంటిపేరు చదివాక అవతలి మనిషి ముఖం మారిందా లేదా అని ఓ కంట చూసుకోవాలి. గైడ్ కులం పేరెత్తి చిన్నబుచ్చుతున్నాడని చెబితే, నీకు ఆత్మవిశ్వాసం తక్కువగా ఉంది అన్న జవాబు వస్తే, ఆ విద్యార్థి ఇక ఆ మెట్లెక్కడు.

క్యాంపస్ బయట పరిస్థితి ఇంకా కష్టం. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. మనకు ఉన్నది గది లోపల ఏం జరగాలన్న సమస్య ఒక్కటే కాదు. అసలు గదే లేకపోవడం కూడా.

అందుకే ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్న ఒక ప్రత్యామ్నాయాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాం. దాన్ని ప్రకృతి ఆధారిత చికిత్స అంటున్నారు. ముందే ఒక మాట. ఇది మనవాళ్లు ప్రకృతి వైద్యం అని పిలిచేది కాదు. మట్టి పట్టీలు, ఉపవాసాలు, ఉప్పులేని తిండి ఇందులో ఉండవు. మానసిక చికిత్సను నాలుగు గోడల మధ్య నుంచి ఆరుబయటికి తీసుకురావడం, ఆ ఆరుబయలును కూడా చికిత్సలో భాగం చేయడం దీని ఉద్దేశం. చికిత్సకుడు, వచ్చిన మనిషి ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకోవడం ఒక రకం. తోటపని చేస్తూ, ఆ పనితో పాటే మనసులో మాట బయటికి రానివ్వడం మరో రకం. నెదర్లాండ్స్‌లో సంరక్షణ పొలాలు ఉన్నాయి. రైతు కుటుంబాలు తమ పొలంలోకి మానసిక ఇబ్బందులున్నవాళ్లను పగటిపూట రానిస్తాయి, వాళ్లు చేయగలిగినంత పని చేస్తారు. జపాన్ అటవీ శాఖ 1982లో 'షిన్రిన్-యోకు' అనే మాట పుట్టించింది. అడవిలో స్నానం అని దాని అర్థం. స్నానం అంటే నీళ్లతో కాదు, తొందరేమీ లేకుండా చెట్ల మధ్య నడవడం. ఇప్పుడు ఆ మాటను రిసార్టులు కూడా అమ్ముకుంటున్నాయి. వాటి జోలికి మేము పోవడం లేదు.

రుజువులు ఏం చెబుతున్నాయి?

ఈ రంగంలో అందరూ చెప్పుకునే మొదటి అధ్యయనం చాలా చిన్నది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల రికార్డులను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు తీసి చూశాడు. కొన్ని గదుల కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి, కొన్ని గదుల కిటికీలోంచి ఇటుక గోడ కనిపిస్తుంది. వయసు, ఆరోగ్యం వగైరా కలిసేలా జతలు కట్టి 46 మందిని పోల్చాడు. చెట్లు కనిపించిన గదుల్లో ఉన్నవాళ్లు సగటున దాదాపు ముప్పావు రోజు ముందు ఇంటికి వెళ్లారు, వాళ్లకు బలమైన నొప్పి మందుల అవసరం తక్కువ పడింది. 1984లో ఇది 'సైన్స్' పత్రికలో వచ్చింది.

మనసుకు సంబంధించి ఇంకా దగ్గరి అధ్యయనం 2015లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో గ్రెగొరీ బ్రాట్‌మన్ బృందం 38 మందిని రెండుగా విడదీసింది. ఒక గుంపు 90 నిమిషాలు గడ్డి, చెట్లు ఉన్న దారిలో నడిచింది. రెండో గుంపు అంతే సేపు వాహనాలు దూసుకుపోయే పెద్ద రోడ్డు పక్కన నడిచింది. జరిగిన చేదు విషయాన్నే మళ్లీ మళ్లీ తవ్వుకుంటూ, తన్ను తాను తప్పుపట్టుకునే ఆలోచన మొదటి గుంపులో తగ్గింది, రెండో గుంపులో తగ్గలేదు. అలాంటి ఆలోచనతో సంబంధం ఉన్న మెదడు భాగంలో కూడా చురుకు తగ్గినట్టు స్కాన్‌లో కనిపించింది. 2019లో ఇంగ్లండ్‌లో సుమారు 20,000 మంది సమాధానాల ఆధారంగా వచ్చిన మరో అధ్యయనం, వారానికి మొత్తం 120 నిమిషాలైనా పచ్చని చోట గడిపేవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని చెప్పే అవకాశం ఎక్కువని తేల్చింది.

వీటిని ఉన్నదానికన్నా పెద్దవి చేసి చూపడం మాకు ఇష్టం లేదు. మొదటి రెండూ చిన్న సంఖ్యల మీద ఆధారపడినవి. మూడోదానిలో, పచ్చని చోట తిరగడం వల్ల ఆరోగ్యం బాగుందా, లేక ఆరోగ్యం, తీరిక, డబ్బు ఉన్నవాళ్లే అలా తిరగగలుగుతున్నారా అన్నది తేలదు. మందు బిళ్లను పరీక్షించినట్టు దీన్ని పరీక్షించడం కూడా కుదరదు. తాను చెట్ల కింద నడుస్తున్నానన్న సంగతి నడిచేవాడికి తెలియకుండా దాచలేం కదా. అయినా దేశాలు, పద్ధతులు వేరైనా ఫలితాలు ఒకే దిక్కు చూపిస్తున్నాయి కాబట్టి కొట్టిపారేయలేం.

ఎందుకు పనిచేస్తుందన్నదానికి రేచల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు 1989లో ఒక వివరణ ఇచ్చారు. మా దృష్టిలో మనకు అసలు ఉపయోగపడేది ఇదే. మన శ్రద్ధ రెండు రకాలు అంటారు వాళ్లు. ఒకటి పట్టుపట్టి నిలిపేది. పాఠం వినడానికి, ఫారం నింపడానికి, రద్దీలో రోడ్డు దాటడానికి వాడేది. అది అరిగిపోతుంది. అరిగిపోతే చిరాకు, మతిమరుపు, ఏ పనీ ముందుకు సాగకపోవడం మొదలవుతాయి. రెండోది దానంతట అదే నిలిచేది. ఆకులు కదలడం, మబ్బులు పోవడం, నీటి మీద ఎండ మెరవడం చూస్తున్నప్పుడు మనం ఏ ప్రయత్నమూ చేయం. ఆ సేపట్లో మొదటి శ్రద్ధ విశ్రాంతి తీసుకుని మళ్లీ ఊట ఊరుతుంది. అయితే ఇది జరగాలంటే ఆ చోటికి, ఆ మనిషికి పొత్తు కుదరాలి అని కూడా వాళ్లే షరతు పెట్టారు. అక్కడ తను ఏం చేయాలనుకుంటాడో అది చేయగలగాలి. ఆ చోటు అతన్ని కాదనకూడదు.

ఆ షరతు దగ్గరే మన కథ మొదలవుతుంది.

కాపలా కాసుకునే చూపు

కులం మన నుంచి రోజూ వసూలు చేసేది ఈ మొదటి రకం శ్రద్ధనే. ఎక్కడ కూర్చోవాలి, ఎవరి గ్లాసు ముట్టుకోవాలి, ఎవరు ఏ ఉద్దేశంతో ర్యాంకు అడిగారు, నవ్వింది నా మాటకా నా యాసకా. ఈ లెక్క ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. ఈ కాపలా దించుకోలేని చోట ఎంత పచ్చదనం ఉన్నా విశ్రాంతి దొరకదు. పార్కు గేటు దగ్గర గార్డు నిన్నొక్కణ్ణే ఐడీ కార్డు అడిగితే, ఆ తర్వాత కనిపించే గుల్మొహరు పూలు నీకు ఏ చికిత్సా చేయవు.

అమెరికాలో నల్లజాతి వారికి ఇది బాగా తెలుసు. 2020 మే 25న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పక్షులను చూస్తున్న క్రిస్టియన్ కూపర్ అనే నల్లజాతీయుడు, కుక్కకు గొలుసు కట్టమని ఒక శ్వేత మహిళను అడిగాడు. ఆమె పోలీసులకు ఫోన్ చేసి ఒక ఆఫ్రికన్ అమెరికన్ తనను బెదిరిస్తున్నాడని చెప్పింది. మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసులు చంపింది కూడా అదే రోజు. అడవులు, పార్కులు ఎవరివన్న ఊహలోనే జాతి ఉందని కరొలిన్ ఫినీ 2014లో ఒక పుస్తకమే రాశారు. మన దేశంలో కులానికి, ప్రకృతికి ఉన్న సంబంధం మీద ముకుల్ శర్మ 2017లో రాశారు. పర్యావరణ ఉద్యమాలు పవిత్రమని మొక్కే చెరువు, వనం, ఊరుమ్మడి భూమి దళితుడికి ఎలాంటి జ్ఞాపకాలో అందులో చూడొచ్చు.

ఆ జ్ఞాపకాల కోసం మనం పుస్తకాల దాకా పోనక్కర్లేదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ నీళ్లు తాగింది ఒక చెరువులోనే. 1985లో కారంచేడులో మంచినీటి చెరువును మురికి చేయడాన్ని మున్నంగి సువార్త ప్రశ్నిస్తే, జులై 17న మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో మాలలను పొలాల వెంట తరిమి నరికారు. ఎనిమిది మంది చనిపోయారు. శవాలను గోతాల్లో కట్టి కాలువలో పడేశారు. 2020 సెప్టెంబరులో హత్రాస్‌లో 19 ఏళ్ల దళిత యువతి మీద దాడి జరిగింది ఆమె పశుగ్రాసం కోసం వెళ్లిన పొలంలో. చెరువు గట్టు, పచ్చని పొలం, పారే కాలువ: ప్రకృతి చికిత్సకులు ఫొటోల్లో చూపించేవి ఈ మూడే. చుండూరు నుంచి వచ్చిన ఒక పెద్దామెను కాలువ గట్టున నడిపించి మనసు తేలికపడిందా అని అడగగలమా?

ఇంకొకటి ఉంది. పొలం మనలో చాలామందికి తీరిక దొరికే చోటు కాదు, కూలి దొరికే చోటు. దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతమైతే, వాళ్లు సాగు చేస్తున్న భూమి మొత్తం సాగుభూమిలో 9 శాతం కూడా లేదు. ఒంగి నాటు వేసిన అమ్మకు, మట్టిలో చేతులు పెడితే మనసు కుదుటపడుతుందని చెప్పబోతే నవ్వుతుంది. నవ్వాలి కూడా. మట్టి అదే. ఎవరి మట్టి, ఎవరు రమ్మంటే వచ్చాం, ఎప్పుడు పొమ్మంటే పోవాలి అన్నవి వేరు. ప్రకృతి చికిత్స మీద జరిగిన అధ్యయనాలు ఎక్కువగా పొలంతో ఈ సంబంధం లేనివాళ్ల మీద జరిగాయి. ఆ ఫలితాలను తెచ్చి నేరుగా వాడకు అతికించడం కుదరదు.

అందువల్ల ఒక ప్రమాదం గురించి ముందే చెప్పాలి. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో పిల్లలతో ఆవరణ ఊడిపించడం, పాదులు తవ్వించడం, నీళ్లు మోయించడం కొత్త కాదు. రేపు దీనికే తోటపని చికిత్స అని పేరు పెట్టి టైంటేబుల్‌లో వేస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. వార్డెన్ ఆజ్ఞతో పట్టిన పార చికిత్స కాదు, వెట్టి. వద్దు అన్నా ఏమీ కాదన్న భరోసా పిల్లాడికి ఉన్నప్పుడే దాన్ని చికిత్స అనగలం.

గాయపడినవాళ్ల కోసం నాటిన తోట

అలాగని ఈ ఆలోచనను పక్కన పెట్టేయాలా? అక్కర్లేదని మేము అనుకోవడానికి కారణం లండన్‌లో నడిచిన ఒక పని. చిత్రహింసలు అనుభవించి అక్కడికి శరణార్థులుగా వచ్చినవాళ్లకు చికిత్స చేసే ఒక సంస్థ ఉంది. హెలెన్ బాంబర్ 1985లో స్థాపించారు, ఇప్పుడు దాని పేరు ఫ్రీడం ఫ్రం టార్చర్. గదిలో కూర్చోబెట్టి అడగడమే కొందరికి విచారణ గదిని గుర్తుచేసేది. 1992లో జెన్నీ గ్రూట్ అనే సైకోథెరపిస్టు వాళ్లను కూరగాయల మళ్ల దగ్గరికి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థలు సామాన్యులకు చిన్న చిన్న మళ్లు అద్దెకిచ్చే పద్ధతి ఉంది. అలాంటి మళ్లలో వాళ్లు తమ దేశపు కూరలు వేసుకున్నారు. చికిత్సకులు వాళ్ల పక్కనే పని చేస్తూ, మాట వచ్చినప్పుడు విన్నారు, రానప్పుడు ఊరుకున్నారు.

ఇక్కడ మట్టి దానంతట అది ఏ మాయా చేయలేదు. వాళ్లకు కూడా పొలాలు, అడవులు మంచి జ్ఞాపకాలు మాత్రమే ఇచ్చినవి కావు. తేడా ఎక్కడంటే, ఆ మడి వాళ్లది. ఏం నాటాలో వాళ్ల ఇష్టం. పక్కన శిక్షణ పొందిన మనిషి ఉన్నారు, ఆ మనిషికి చిత్రహింస అంటే ఏమిటో తెలుసు, అది నీ ఊహ అని అనరు. చలికాలంలో ఏమీ మొలవనప్పుడు కూడా రావడం ఆగదు. ఈ నాలుగూ లేకపోతే మిగిలేది కూరగాయలే.

జింబాబ్వే ఉదాహరణ ఇంకా చవకైనది. దేశం మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది సైకియాట్రిస్టులే ఉన్నప్పుడు, వాళ్లలో ఒకరైన డిక్సన్ చిబాండా 2006లో హరారేలో ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెక్క బెంచీలు వేయించారు. వాటి మీద కూర్చుని వినేది ఆ బస్తీకి చెందిన, శిక్షణ పొందిన అవ్వలు. దిగులుకు అక్కడి షోనా భాషలో వాడే మాట 'కుఫుంగిసిసా'. అతిగా ఆలోచించడం అని అర్థం. మన ఇళ్లలో కూడా డిప్రెషన్ అనరు, మనాది పట్టుకుంది అంటారు. అవ్వలు రోగం పేరు చెప్పరు. ముందు ఏ సమస్య తేల్చుకుందాం అని అడుగుతారు. 573 మందితో చేసిన పరీక్షలో ఆరు నెలల తర్వాత ఈ బెంచీల దగ్గరికి వచ్చినవాళ్లలో కుంగుబాటు లక్షణాలు మిగతావాళ్ల కన్నా బాగా తగ్గాయని 2016లో ప్రచురించారు. ఇది పచ్చదనం మీద ఆధారపడిన చికిత్స అని మేము అనడం లేదు. కానీ బల్ల తీసేసి బెంచీ వేస్తే, అవతల కూర్చున్న మనిషి మన వాడకట్టు మనిషైతే ఏం మారుతుందో చూపించింది.

మన నేల మీద వెతికితే, సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఉన్నాయి. ఎక్కువమంది దళిత స్త్రీలే. బీడు పడిన భూములను గుంపుగా సాగులోకి తెచ్చి జొన్న, కొర్ర, పప్పుధాన్యాలు కలిపి పండించారు. సొంత విత్తనం దాచుకున్నారు. 2008 నుంచి సొంత రేడియో నడిపారు. 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. దాన్ని ఎవరూ చికిత్స అనలేదు, మేమూ ఆ పేరు తగిలించం. కానీ నేల దొరకు చెందినప్పుడు కూలి అయిన పనే, నేల సంఘానికి చెందినప్పుడు వేరే పని అవుతుందనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం మాకు కనిపించలేదు.

క్యాంపస్‌లో నేల ఎవరిది?

1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరిన అంబేడ్కర్‌కు ఎవరూ ఇల్లు ఇవ్వలేదు. పార్సీ సత్రంలో తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. బొంబాయి రైలు వచ్చే దాకా ఆయన కొన్ని గంటలు కామాఠీ బాగ్ అనే ఊరి తోటలో కూర్చున్నారు. ఆ సంగతి తర్వాత ఆయనే రాసుకున్నారు. శూన్యంగా, దుఃఖంగా ఉన్నానన్నారు, తల్లిదండ్రులు గుర్తొచ్చారన్నారు. చెట్లు చూసి మనసు తేలికపడిందని మాత్రం రాయలేదు. కొలంబియాలో చదివి వచ్చిన మనిషికి ఆ నగరంలో ఆ పూట కూర్చోనిచ్చిన చోటు అదొక్కటే. ఆ చోటును ఇప్పుడు సంకల్ప భూమి అంటున్నారు.

దాదాపు వందేళ్ల తర్వాత, 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి వెలివేసిన అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులు షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర ఆరుబయట పడుకున్నారు. ఆ చోటికి వెలివాడ అని పేరు పెట్టారు. జనవరి 17న వాళ్లలో ఒకరైన రోహిత్ వేముల మనకు దక్కకుండా పోయాడు. ఆరుబయట ఉండటం ఎవరో ఎంచుకున్నప్పుడు ఒకటి, నెట్టినప్పుడు మరొకటి. ఆ తేడా తెలియని చికిత్సకుడు మన మధ్య పని చేయలేడు.

అదే విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల పొదల అడవి, గుట్టలు, కుంటలు ఉన్నాయి. 2025 మార్చి 30 నుంచి బుల్డోజర్లు దిగితే విద్యార్థులు అడ్డం పడ్డారు, అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. దీన్ని జింకల కోసం, నెమళ్ల కోసం జరిగిన పోరాటంగా పత్రికలు రాశాయి. నిజమే. అయితే ఒక గదిలో ఇద్దరు ముగ్గురు సర్దుకుని ఉండే హాస్టల్ విద్యార్థికి ఒంటరిగా కాసేపు ఏడవడానికైనా దొరికే చోటు అలాంటి గుట్టే. రిసార్టుకు వెళ్లలేనివాళ్లకు క్యాంపస్ చెట్లే దిక్కు. ఆ భూమిని అమ్మేసి తర్వాత కౌన్సెలర్‌ను పెట్టామంటే ఎలా?

ఇక ఆచరణలోకి వస్తే, మన వాతావరణంలో ఇది తెల్లవారాక ఒక గంట, పొద్దు వాలాక ఒక గంట తప్ప కుదరదు. మే నెలలో అసలు కుదరదు. కానుగ, వేప నీడ చాలు, అడవి అక్కర్లేదు. ఇద్దరే నడిస్తే ఎవరైనా ఆపి ఏంట్రా సంగతి అని అడుగుతారు కాబట్టి, అలా అడిగితే ఏం చెప్పాలో, తెలిసినవాళ్లు ఎదురైతే పలకరించాలా వద్దా అన్నది చికిత్సకుడు ముందే మాట్లాడుకోవాలి. గదిలో తలుపు చేసే పనిని బయట ఈ ఒప్పందం చేయాలి. అమ్మాయిలకు చీకటి పడ్డాక కుదరదని మనందరికీ తెలుసు. వాళ్లకు గుంపుగా నడవడమే మేలు. నడవలేనివాళ్లకు బెంచీ ఉండాలి. అన్నిటికన్నా ముందు, నడిపించే మనిషికి కులం గురించి మాట్లాడటం రావాలి. బహుజనులకు కుల స్పృహ ఉన్న మానసిక ఆరోగ్య సేవలు అందేలా చూడటానికి దివ్య కందుకూరి మొదలుపెట్టిన 'బ్లూ డాన్' లాంటి వేదికల పని ఇక్కడ పనికొస్తుంది. విద్యార్థి సంఘాలు తమ క్యాంపస్‌లో అడగాల్సింది కూడా ఇదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్‌లో కులం పేరుతో వివక్ష లేకుండా చికిత్స పొందే హక్కు రాసి ఉంది. నియామకంలో, శిక్షణలో అది ఎలా కనిపిస్తుందో చెప్పమని అడగొచ్చు.

నడక ఫిర్యాదుకు బదులు కాదు. గైడ్ వేధిస్తుంటే కావాల్సింది గైడ్ మార్పు, ఫిర్యాదుల కమిటీ, అవసరమైతే అట్రాసిటీ చట్టం కింద కేసు. చెట్ల కింద తిరిగి నెమ్మదించి మళ్లీ అదే ల్యాబ్‌కు వెళ్లమనడం చికిత్స కాదు, సర్దుకుపొమ్మనడం. బ్రాట్‌మన్ కొలిచింది తన్ను తాను తిట్టుకునే ఆలోచనను. అన్యాయాన్ని తలుచుకుని వచ్చే కోపం అది కాదు, దాన్ని తగ్గించడం ఎవరి పనీ కాదు.

అలాగే నడక మందులకు బదులూ కాదు. లేని గొంతులు వినిపిస్తున్నా, రోజుల తరబడి నిద్ర లేకపోయినా, చనిపోవాలన్న ఆలోచన వస్తున్నా సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలి, తోడు ఒకరు ఉండాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. హాస్టల్ గదిలో అందరూ ఉన్నప్పుడు ఆ ఫోన్ చేయడం కష్టం. బయట చెట్టు కిందికి వెళ్లి చేసుకోవాలి. మిత్రుడెవరైనా అలా లేచి వెళ్తున్నట్టు అనిపిస్తే, కాస్త దూరంగా కనిపించేలా కూర్చోండి.